నాలుగో తరగతి పాపను జర్మనీ తీసుకువెళ్లాలా, విశాఖలోనే చదివించాలా?

ప్రశ్న: ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

అందరికీ నమస్కారం. మావారు ఓడల యంత్రభాగాలకు డిజైన్లు చేసే ఇంజనీరు. ఆయనకు జర్మనీలో నాలుగేళ్ల ఒప్పందం మీద ఉద్యోగం వచ్చింది. ఆ సంస్థకు మ్యూనిక్‌లోనూ హాంబర్గ్‌లోనూ కార్యాలయాలు ఉన్నందువల్ల, ఎక్కడ చేరతారో ఈ నెలాఖరులోగా చెప్పమన్నారు. మా అమ్మాయికి జనవరిలో తొమ్మిదేళ్లు నిండాయి, నాలుగో తరగతి పూర్తి కావస్తోంది. ఉద్యోగం విషయంలో మాకు సందేహం లేదు. పాప చదువు గురించే రెండు నెలలుగా ఇంట్లో ఏ మాటా తేలడం లేదు.

పాప చదువుతున్నది ప్రైవేటు బడిలో. ఉదయం ఏడుంబావుకు వ్యాను వస్తుంది, సాయంత్రం నాలుగున్నరకు దింపుతుంది. తరువాత గంటన్నర ట్యూషను, ఆపైన హోంవర్కు. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుందనీ, సీటు ఇప్పుడే ఖాయం చేసుకోవాలనీ బడివారు చెప్పారు. బీచ్ మా ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గర. పాప ఇసుకలో ఆడుకుని ఎన్ని వారాలయిందో మొన్న లెక్క వేసుకుంటే నాకే బాధ కలిగింది. అలాగని ఈ చదువును తీసిపారేయలేను. ఎక్కాలు, భిన్నాలు తడుముకోకుండా చేస్తుంది, ఇంగ్లిషు ధారాళంగా చదువుతుంది, తెలుగు కూడా కూడబలుక్కోకుండా చదవగలదు.

పెందుర్తిలో ఉండే మా మామయ్యగారు, నాలుగేళ్లే గనుక పిల్లను తమ దగ్గర ఉంచి మమ్మల్ని వెళ్లి రమ్మంటున్నారు. అలా చేస్తే పదో తరగతి దాకా చదువు చెదరకుండా ఉంటుందని ఆయన ఉద్దేశం. మావారి స్నేహితుడొకరేమో, జర్మనీలో పదేళ్ల వయసులోనే పిల్లలను మూడు దారులుగా విడదీస్తారనీ, తక్కువ దారిలో పడితే ఇక విశ్వవిద్యాలయం ఊసే ఉండదనీ భయపెట్టారు. ఈ మాటలో నిజమెంత? రెండు దేశాల చదువుల్లో పాప ఏది పొందుతుంది, ఏది పోగొట్టుకుంటుంది? నాలుగేళ్ల తరువాత తిరిగివస్తే ఇక్కడ నిలదొక్కుకోగలదా? రెండు నగరాల్లో బడుల పరంగా తేడా ఏమైనా ఉందా? స్వయంగా చూసినవారు చెబితే మాకు చాలా మేలు చేసినవారవుతారు.

సమాధానం: మ్యూనిక్ నుంచి తిరిగివచ్చిన తల్లి, మధురవాడ

మీ ప్రశ్న చదువుతుంటే 2015లో మా ఇంట్లో జరిగిన చర్చే మళ్లీ వింటున్నట్టుంది. ఆ వేసవిలో మేము ఇద్దరు పిల్లలతో మ్యూనిక్ వెళ్లి, 2022లో తిరిగివచ్చాం. వయసును బట్టి అమ్మాయిని నాలుగో తరగతిలో, అబ్బాయిని రెండో తరగతిలో చేర్చుకున్నారు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బడి. అయినా నాలుగో తరగతి ముగిశాక అబ్బాయి విశ్వవిద్యాలయానికి దారితీసే గిమ్నాజియుంకు వెళ్లాడు, అమ్మాయి మాత్రం వృత్తి శిక్షణ వైపు నడిపించే మిట్టెల్‌షూలేకు వెళ్లింది. ఇద్దరిలో అమ్మాయే చురుకైనదని మా బంధువులందరికీ తెలుసు. నాలుగో తరగతి మార్కులు తేలే నాటికి వాడికి జర్మన్ నేర్చుకోవడానికి దాదాపు మూడేళ్లు దొరికాయి, దానికి ఎనిమిది నెలలే దొరికాయి. తేడా అంతా అక్కడే ఉంది. మీ పాప కూడా సెప్టెంబరులో చేరితే సరిగ్గా నాలుగో తరగతిలోనే కూర్చుంటుంది కాబట్టి ఇది ముందుగా చెబుతున్నాను.

జర్మనీలో బడి చదువు కేంద్రం చేతిలో ఉండదు. 16 రాష్ట్రాలకూ వేర్వేరు పద్ధతులున్నాయి. చాలా రాష్ట్రాల్లో ప్రాథమిక పాఠశాల నాలుగేళ్లు, బెర్లిన్‌లోనూ బ్రాండెన్‌బుర్గ్‌లోనూ ఆరేళ్లు. మ్యూనిక్ ఉన్న బవేరియాలో నాలుగో తరగతి మే నెలలో ఒక ప్రత్యేకమైన మార్కుల పత్రం ఇస్తారు. అక్కడ 1 అంటే అత్యుత్తమం, 6 అంటే అధమం. జర్మన్, గణితం, పరిసరాల విజ్ఞానం, ఈ మూడింటి సగటు 2.33 లోపు ఉంటే గిమ్నాజియుం, 2.66 లోపు ఉంటే నడిమి స్థాయి రియాల్‌షూలే, ఆ పైన ఉంటే మిట్టెల్‌షూలే. సగటు చాలనివారికి మూడు రోజుల పరిశీలన తరగతులు పెడతారు, కొత్తగా దేశానికి వచ్చిన పిల్లలకు కొంత సడలింపు కూడా ఉంది. మా అమ్మాయి సగటు ఆ సడలింపుకు కూడా అందలేదు. హాంబర్గ్‌లో అయితే నాలుగో తరగతి తరువాత బడి సిఫారసు మాత్రమే చేస్తుంది, తుది నిర్ణయం తల్లిదండ్రులది. పైగా 2010 నుంచి అక్కడ దారులు రెండే: విశ్వవిద్యాలయంలో చేరడానికి అర్హతనిచ్చే అబిటూర్ పరీక్షకు 12 ఏళ్లలో తీసుకువెళ్లే గిమ్నాజియుం ఒకటి, అదే అబిటూర్‌కు 13 ఏళ్లలో తీసుకువెళ్లే ష్టాట్‌టైల్‌షూలే మరొకటి. గిమ్నాజియుంలో ఐదు, ఆరు తరగతులను పరిశీలనా కాలంగా భావిస్తారు. ఆరు చివర్లో పిల్ల నిలవలేకపోతే ష్టాట్‌టైల్‌షూలేకు మారుతుంది, అక్కడ కూడా అబిటూర్ తలుపు తెరిచే ఉంటుంది. రాష్ట్రాల మధ్య జరిగే పోలిక పరీక్షల్లో బవేరియా ముందు వరుసలో ఉంటుందన్న మాట నిజమే. కానీ మీ పాప వయసుకు, మీరు వెళ్లే సమయానికి ఆ కీర్తి ఉపయోగపడదు. నేనైతే రెండో ఆలోచన లేకుండా హాంబర్గ్ అంటాను.

గణితంలో మన పిల్లలు ముందుంటారని అందరూ అంటారు, నేను కూడా ఆ ధీమాతోనే వెళ్లాను. మాటవరసకు, మన దగ్గర నాలుగు, ఐదు తరగతుల్లో నేర్పే భిన్నాల లెక్కలు బవేరియాలో ఆరో తరగతిలో గాని పూర్తిగా రావు. కానీ అక్కడ నాలుగో తరగతి గణితమంటే అరపేజీ కథలో దాచిన లెక్క. భాష రాకపోతే లెక్క ఎక్కడుందో కూడా తెలియదు. పైగా జర్మన్‌లో ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అన్నట్టు పలుకుతారు. టీచరు అంకెలు చెబుతుంటే మా అమ్మాయి 21కి బదులు 12, 43కి బదులు 34 రాసేది. మనం దశాంశానికి చుక్క పెడితే వారు కామా పెడతారు, వేలు విడదీయడానికి చుక్క వాడతారు. 1.500 అని చూసి ఒకటిన్నర అనుకుని లెక్కంతా చేసుకొచ్చింది. మూడు నెలల పాటు పిల్లకు లెక్కలు రావనే ఆ టీచరు అనుకున్నారు. ఆమెను తప్పు పట్టలేను, ఎందుకంటే కాగితం మీద కనిపించేది అంతే.

రెండో చిక్కు మరింత లోతైనది. అక్కడ రాతపరీక్షతో పాటు తరగతిలో నోరు విప్పడానికి కూడా మార్కులుంటాయి. చెయ్యెత్తడం, టీచరు చెప్పినదాన్ని ప్రశ్నించడం, తప్పయినా తన ఆలోచన బయటపెట్టడం, ఇవన్నీ గ్రేడులోకి వెళతాయి. మన బడిలో మంచి పిల్ల అంటే చేతులు కట్టుకుని కదలకుండా కూర్చునే పిల్ల. నా కూతురు గౌరవంతో మౌనంగా ఉంటే, ఆసక్తి లేదని రాశారు. దానికి మాట్లాడడం అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు కాలేజీలో అది అడిగే ప్రశ్నలు వింటే, ఆ రెండేళ్లు వృథా పోలేదని నాకు నమ్మకం కలుగుతోంది.

మీ స్నేహితులు చెప్పిన భయం సగమే నిజం. మిట్టెల్‌షూలేలో ఇంగ్లిషు మా అమ్మాయికి ఆసరా అయింది. జర్మన్ కుదురుకున్నాక ఏడో తరగతి నుంచి అక్కడే ఉండే పైస్థాయి విభాగంలో చేరి, 2022లో పదో తరగతి ధ్రువపత్రం రియాల్‌షూలే పిల్లలతో సమానంగా తెచ్చుకుంది. అక్కడే ఉండి ఉంటే ఆ పత్రంతో ఫాఖ్‌ఓబర్‌షూలే అనే రెండేళ్ల ఉన్నత పాఠశాలలో చేరి, అటునుంచి ఉన్నత విద్యకు వెళ్లేది. పదకొండో తరగతిలో సగం కాలం ఏదైనా సంస్థలో పని నేర్చుకోవడం ఆ బడి ప్రత్యేకత. కాబట్టి తలుపు మూసుకుపోదు, దారి పొడవవుతుంది. అయితే పదేళ్ల పిల్ల, నిన్నటిదాకా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు వేరే బడికి పోతుంటే చూసి, తనే తక్కువనుకుని ఆ వేసవంతా ముభావంగా ఉండిపోవడం నేను కళ్లారా చూశాను. ధ్రువపత్రాలు ఎన్ని వచ్చినా ఆ వేసవిని తిరిగి తీసుకురాలేం.

రోజువారీ సంగతులు కొన్ని. ప్రభుత్వ బడుల్లో ఫీజు లేదు. మ్యూనిక్‌లో ప్రాథమిక తరగతులు పన్నెండు, ఒంటిగంటకే ముగుస్తాయి, ఆ తరువాత పిల్లలను చూసే కేంద్రాల్లో చోటు దొరకడం కష్టం. హాంబర్గ్‌లో సాయంత్రం నాలుగు దాకా బడిలోనే ఉంచుకుంటారు, అందుకు విడిగా రుసుము ఉండదు, మధ్యాహ్న భోజనానికి మాత్రం చెల్లించాలి. సంక్రాంతికి పది రోజులు సెలవు పెట్టి విశాఖ వచ్చేద్దామంటే కుదరదు. బడికి వెళ్లడం చట్టరీత్యా తప్పనిసరి, అనుమతి లేకుండా మానిపిస్తే జరిమానా వేస్తారు, ఇంట్లోనే చదువు చెప్పుకుంటామన్నా ఒప్పుకోరు.

తిరిగివచ్చే విషయం ఇప్పుడే ఆలోచించుకోండి. సీబీఎస్ఈలో పదో తరగతి పరీక్షకు తొమ్మిదో తరగతిలోనే నమోదు జరుగుతుంది, కనుక ఎనిమిది పూర్తయ్యేసరికైనా రావాలి, లేదా అక్కడ పదో తరగతి పూర్తిచేసి రావాలి. మధ్యలో వస్తే ఇబ్బంది. మావాడు ఎనిమిది పూర్తిచేసి వచ్చాడు. సైన్సులో ఎందుకు, ఎలా అని చక్కగా చెప్పగలిగేవాడు గాని, మూడు గంటల్లో అంత పెద్ద పేపరు రాసే వేగం లేక మొదటి ఏడాది సగం ప్రశ్నలు వదిలేశాడు. అంతకంటే నన్ను కలచివేసిన విషయం, వాడు తెలుగు అక్షరాలు మరిచిపోవడం. అది పూర్తిగా నా పొరపాటు. రోజూ పావుగంట కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది.

సమాధానం: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, భీమునిపట్నం

అమ్మా, పై సమాధానం రాసిన సోదరి అనుభవం విలువైనది, హాంబర్గ్ విషయంలో ఆమె మాటతో ఏకీభవిస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పనిచేసిన వాడిగా ఒకటి రెండు సంగతులు చేర్చాలనుకుంటున్నాను.

జర్మనీ పదేళ్లకే పిల్లలను విడదీస్తుందని మనవాళ్లు నొచ్చుకుంటారు. మనం ఎన్నేళ్లకు విడదీస్తున్నాం? మూడేళ్ల పిల్ల ఎల్‌కేజీలో చేరే రోజునే, తండ్రి జీతాన్ని బట్టి, ఏ బడి వ్యాను ఎక్కాలో తేలిపోతోంది. 1919 నాటి జర్మనీ రాజ్యాంగం (వైమార్ రాజ్యాంగం) పిల్లలందరికీ ఉమ్మడి ప్రాథమిక పాఠశాల ఉండాలని చెప్పింది, మరుసటి ఏడాది చట్టం దానిని నాలుగేళ్లుగా స్థిరపరిచింది. 1949 నాటి జర్మన్ రాజ్యాంగంలో ఏడో అధికరణం, తల్లిదండ్రుల ఆస్తిపాస్తులను బట్టి పిల్లలను వేరు చేయడాన్ని ప్రోత్సహించేలా ఉంటే ప్రైవేటు బడికి అనుమతి ఇవ్వకూడదంటుంది. అంటే కనీసం ఆ నాలుగేళ్లు ఇంజనీరు బిడ్డ, బస్సు డ్రైవరు బిడ్డ ఒకే గదిలో కూర్చునే ఏర్పాటు ఉంది. మన దగ్గర 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఉమ్మడి పాఠశాల విధానాన్ని గట్టిగా కోరింది. ఆ మాట కాగితం మీదే మిగిలింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలంది. సుప్రీంకోర్టు 2012లో దానిని సమర్థించింది. మంచి నిబంధనే, కానీ అది విడిపోయిన బడులను కలపలేదు, గోడలో ఒక చిన్న ద్వారం మాత్రం పెట్టింది.

అలాగని జర్మనీని ఆకాశానికెత్తలేను. పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్ష 2000 సంవత్సరపు ఫలితాలు వెలువడినప్పుడు ఆ దేశం దిగ్భ్రాంతికి గురైంది. సగటు తక్కువగా రావడం ఒక్కటే కాదు, పిల్లల మార్కులు ఇంటి స్థితిగతులతో ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయో కూడా ఆ పరీక్ష బయటపెట్టింది. వారు తేరుకుని పూర్తిరోజు బడులు పెంచారు, వలస కుటుంబాల పిల్లలకు భాష నేర్పే ఏర్పాట్లు చేశారు. మన దేశం నుంచి 2009 విడతకు అనుబంధంగా తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ పాల్గొని 74 ప్రాంతాల పట్టికలో దాదాపు అట్టడుగున నిలిచాయి. ఆ తరువాత 2012, 2015, 2018, 2022 విడతల్లో మనం పాల్గొననే లేదు. అద్దం బాగోలేదని పక్కన పెట్టేయడం ఉపాధ్యాయుడిగా నాకు మింగుడుపడని విషయం.

మన పద్ధతిలో నేను గౌరవించేది ఒకటుంది: పదో తరగతి బహిరంగ పరీక్ష. 600 మార్కులు, హిందీ తప్ప ప్రతి సబ్జెక్టులోనూ 35 వస్తే ఉత్తీర్ణత, జవాబు పత్రం దిద్దేవారికి ఆ పిల్ల ఎవరో తెలియదు. మా మత్స్యకార పేటల నుంచి వచ్చే పిల్లలను వారి ఇంటిని చూసి ఎవరైనా తక్కువ అంచనా వేయవచ్చు, ఆ పత్రాన్ని మాత్రం తక్కువ అంచనా వేయలేరు. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదనే సీట్లిస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. మా బడి నుంచి అలా వెళ్లినవారున్నారు. పదేళ్ల వయసులో టీచరు అంచనాతో దారి ఖరారయి ఉంటే వారిలో ఎందరు వెళ్లేవారో చెప్పలేను. పదహారేళ్ల దాకా ఆగి, అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చే పద్ధతి పేదపిల్లకు చేసే మేలు చిన్నది కాదు. ఆ పరీక్షను ఆరో తరగతి నుంచే కోచింగుగా మార్చి పిల్లల బాల్యాన్ని తినేస్తున్నది మనమే. నేరం పరీక్షది కాదు.

మీ పాప విషయానికి వస్తే, మీరు వెళ్లే ఊళ్లో బడి ఫీజు లేదు, తరగతిలో అన్ని రకాల పిల్లలూ ఉంటారు, ఫౌండేషన్ ఉండదు. ఆ వయసులో ఇంతకంటే ఏం కావాలి? తీసుకువెళ్లండి.

సమాధానం: విశ్రాంత ఐటీఐ శిక్షకుడు, కంచరపాలెం

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా ఒక మాట. ఇంతవరకు అందరూ గిమ్నాజియుం దక్కుతుందా లేదా అన్న కొలతతోనే చూస్తున్నారు. తక్కిన దారులు అక్కడ ఎలా ఉంటాయో చూస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

జర్మనీలో బడి ముగిశాక సంస్థతో ఒప్పందం చేసుకుని ఆస్‌బిల్డుంగ్ అనే శిక్షణలో చేరతారు. వారంలో మూడు నాలుగు రోజులు కర్మాగారంలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో గడుపుతారు. చాలా వృత్తులకు ఇది మూడేళ్లు, మూడున్నరేళ్లు సాగుతుంది. శిక్షణ కాలంలో నెలనెలా భృతి వస్తుంది. 300కు పైగా గుర్తింపు పొందిన వృత్తులున్నాయి. పరీక్షను వాణిజ్య, హస్తకళల మండళ్లు నిర్వహిస్తాయి గనుక ఆ ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. పనిలో ఆరితేరి, ఆ వృత్తిలో నిపుణుడిగా గుర్తింపునిచ్చే మైస్టర్ పరీక్ష నెగ్గినవారు విశ్వవిద్యాలయంలో కూడా చేరవచ్చు. అబిటూర్ చేతిలో ఉన్న పిల్లలు సైతం కొందరు ముందు ఈ శిక్షణకే వెళతారు.

మన దగ్గర 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. విశాఖలో నౌకాదళ డాక్‌యార్డుకు సొంత అప్రెంటిస్ పాఠశాల ఉంది, స్టీల్ ప్లాంటు కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. ఫిట్టర్, టర్నర్, వెల్డర్ ట్రేడుల్లో నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఓడ పొట్టలోకి దూరి వెల్డింగు చేసి వచ్చినప్పుడు వారి చేతి పని చూసి నేను కళ్లు చెమర్చిన రోజులున్నాయి. చట్టం ఉంది, యంత్రాలున్నాయి, నేర్పేవారున్నారు. లేనిది మర్యాద ఒక్కటే. ఐటీఐ అంటే పదో తరగతిలో మార్కులు రానివారు చేరే చోటని ఊరంతా అనుకుంటుంది, తండ్రి తన కొడుకు ఐటీఐలో ఉన్నాడని పెళ్లిళ్లలో చెప్పడానికి తడబడతాడు. మన దగ్గర కూడా వంతెనలు లేకపోలేదు. పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. మా కంచరపాలెం పాలిటెక్నిక్ నుంచి అలా ఇంజనీర్లయినవారు ఎందరో ఉన్నారు. పై సోదరి చెప్పిన రెండేళ్ల ఉన్నత పాఠశాల చేసే పని, మన దగ్గర డిప్లొమా చేస్తోందన్నమాట. ఈ దారిని మనవాళ్లు పిల్లలకు ముందు చూపించరు, ఇంటర్, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) పోయాకనే గుర్తుచేసుకుంటారు.

సమాధానం: ఒక విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం

నమస్తే అండీ. మీ మామయ్యగారి సలహా గురించి ఎవరూ రాయలేదు గనుక నేను రాస్తున్నాను. నాకు పదేళ్లప్పుడు అమ్మానాన్నలు జర్మనీ వెళుతూ, చదువు పాడవకూడదని నన్ను అనకాపల్లిలో తాతగారింట్లో ఉంచారు. ఐదేళ్లు ఉన్నాను. తాతయ్య, అమ్మమ్మ నన్ను ప్రాణంగా చూసుకున్నారు. చదువు పాడవలేదు, పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. ఆ విధంగా చూస్తే వారి నిర్ణయం తప్పని ఎవరూ అనలేరు.

శీతాకాలంలో మనకూ వారికీ నాలుగున్నర గంటల తేడా ఉంటుంది. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ పనిలో ఉండేది, అమ్మకు తీరిక దొరికేసరికి నేను నిద్రపోయేదాన్ని. అందుకే ఆదివారం మధ్యాహ్నం ఒక గంట మాట్లాడుకునేవాళ్లం. ఆ గంటలో చెప్పడానికి నేను వారమంతా మంచి విషయాలు ఏరి పెట్టుకునేదాన్ని. చెడు విషయాలు చెబితే అమ్మ బాధపడుతుందని చెప్పేదాన్ని కాదు. వారు తిరిగివచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ జ్వరం వస్తే ముందు చెప్పేది అమ్మమ్మకే. అమ్మకు అది తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తం. మీ పాప మిట్టెల్‌షూలేకు వెళ్లినా సాయంత్రం ఇంటికొచ్చి మీ ముందు ఏడవగలదు. దయచేసి వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగిన తల్లి, ఎంవీపీ కాలనీ

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రాసిన అమ్మాయీ, నీ సమాధానం మామయ్యగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, పిల్ల పాస్‌పోర్టు ఎప్పుడొస్తుందని అడిగారు. మావారు నిన్న సంస్థకు హాంబర్గ్ అని రాశారు. అక్కడ కొత్తగా వచ్చిన పిల్లలను మొదట అంతర్జాతీయ సన్నాహక తరగతిలో కూర్చోబెట్టి, ఏడాది పాటు ప్రధానంగా జర్మన్ నేర్పి, తరువాత మామూలు తరగతిలో కలుపుతారని తెలిసింది. నాలుగో తరగతి రెండోసారి చదివినట్టవుతుందని మొదట దిగులుపడ్డాను. మధురవాడ నుంచి రాసిన అక్క అనుభవం చదివాక, ఆ ఏడాది పాపకు దక్కుతున్నందుకు సంతోషపడుతున్నాను. చుక్క, కామా సంగతి, అంకెలు తిరగేసి పలికే సంగతి ఇప్పటినుంచే ఆటలాగా నేర్పిస్తున్నాను. ట్యూషను ఆపేశాం, ఆ గంటన్నరలో జర్మన్ ఒక అరగంట, మిగతాది బీచ్‌లో గడుపుతున్నాం.

మాస్టారూ, ఒక్క సందేహం. నాలుగేళ్ల తరువాత అక్కడ ఏడో తరగతి పూర్తిచేసుకుని తిరిగివచ్చేలా లెక్క వేసుకున్నాం. తెలుగు నిలవడానికి, ఇక్కడి పాఠాలతో సంబంధం తెగకుండా ఉండడానికి ఏ పుస్తకాలు తీసుకువెళ్లమంటారు? సామాను బరువు పరిమితి వల్ల ఎక్కువ పట్టవు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, భీమునిపట్నం

అమ్మా, బరువు మోయనక్కరలేదు. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో గణితం, పరిసరాల విజ్ఞానం వంటివి కొన్నేళ్లుగా ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఒక భాషగా, తెలుగు, ఇంగ్లిషు పక్కపక్కన అచ్చవుతున్నాయి. మీ పాపకు అవే సరైనవి. జర్మన్ బడిలో ఆ వారం నీటిచక్రం చెబితే, శనివారం అదే పాఠం మన పుస్తకంలో తెలుగు పేజీలో చదివించండి, అర్థం కాని మాటకు పక్క పేజీ చూసుకుంటుంది. చేత్తో రాయడం మానిపించకండి: వారానికొక ఉత్తరం పెందుర్తిలో తాతగారికి తెలుగులో రాయమనండి, ఆయనను కూడా తిరిగి ఉత్తరమే రాయమని నా మాటగా చెప్పండి. ఐదో తరగతి తెలుగు వాచకం ఒక్కటి మాత్రం అచ్చు ప్రతి తీసుకువెళ్లండి. నా దగ్గర రెండు ప్రతులున్నాయి, ఆదివారం ఎంవీపీ రైతుబజారు వైపు వస్తున్నాను, ఒకటి మీకు ఇచ్చి వెళతాను.